మొక్క దాచిన శక్తి చక్కెరలోనే ఉందా?

సైన్సు చదువుకుంటున్న మా అన్నయ్య కూతురు ఆ మధ్య ఒక సాయంత్రం రెండు పాఠ్యపుస్తకాలు తెచ్చి నా ముందు తెరిచి పెట్టింది. మొక్క సూర్యకాంతిని గ్లూకోజ్ అణువులోని బంధాలలో రసాయన శక్తిగా నిల్వ చేస్తుందనీ, ఆ బంధాలు తెగినప్పుడు ఆ శక్తి విడుదలవుతుందనీ జీవశాస్త్రం పుస్తకంలో కిరణజన్య సంయోగక్రియ పాఠం చెబుతోంది. ఏ బంధాన్ని తెంచాలన్నా శక్తిని ఖర్చు పెట్టాల్సిందేననీ, కొత్త బంధం ఏర్పడినప్పుడే శక్తి వెలువడుతుందనీ రసాయనశాస్త్రం పుస్తకం చెబుతోంది. "బాబాయ్, రెండిట్లో ఏది నిజం?" అని అడిగింది. రసాయనశాస్త్రం చెప్పిందే నిజమని వెంటనే అన్నాను. "అయితే మొక్క దాచిన శక్తి ఎక్కడుంది మరి?" అన్నది ఆమె వేసిన రెండో ప్రశ్న. దానికి నిలబడి చెప్పే జవాబు సరిపోదు కాబట్టి ఇంత దూరం రాయాల్సి వస్తోంది.

నా అభిప్రాయం ఇది. మొక్క దాచిన శక్తి చక్కెర అనే ఒక్క పదార్థంలో లేదు. చక్కెర, ఆక్సిజన్ అనే రెండు పదార్థాలు విడివిడిగా ఉండటంలో ఉంది. వాటిలో ఒకదాన్ని ఆహారమనీ రెండోదాన్ని ఉప ఉత్పత్తి అనీ పేర్లు పెట్టి విడదీయడం వల్ల మనం ఈ ప్రక్రియలోని అసలు విషయాన్నే పాఠం నుంచి తప్పించేశాం. ఇది పేర్ల గురించిన పట్టింపు మాత్రమే అయితే వదిలేసేవాణ్ణి. కానీ ఈ ఒక్క చోట లెక్క తప్పితే, ఊపిరి ఎందుకు పీలుస్తామన్న ప్రశ్న మొదలుకొని అడవుల గురించి మనం పదేపదే వినే మాటల దాకా చాలా సంగతులు అర్థం కాకుండా పోతాయి.

బంధాల పద్దు

ముందు ఆ బంధాల లెక్కే చూద్దాం. ఒక మోల్ గ్లూకోజ్‌లో ఉన్న బంధాలన్నిటినీ తెంచి పరమాణువులను విడగొట్టడానికి, సగటు బంధశక్తుల ప్రకారం, సుమారు 9,400 కిలోజౌళ్లు కావాలి. దానితో కలిసే ఆరు మోళ్ల ఆక్సిజన్‌ను విడగొట్టడానికి మరో 3,000 కిలోజౌళ్లు కావాలి. అంటే ఇంతవరకు అంతా ఖర్చే. ఆ పరమాణువులే కార్బన్ డయాక్సైడ్‌గా, నీరుగా మళ్లీ కూడినప్పుడు సుమారు 15,100 కిలోజౌళ్లు వెలువడతాయి. మిగులు 2,700 చిల్లర. ప్రయోగశాలలో గ్లూకోజ్‌ను మండించి కొలిస్తే వచ్చేది 2,800 దాకా ఉంటుంది కాబట్టి, సగటు విలువలతో వేసిన అంచనాగా ఇది బాగానే కుదిరింది.

ఈ పద్దులో గమనించవలసింది ఒకటుంది. గ్లూకోజ్‌లోని కార్బన్-హైడ్రోజన్, ఆక్సిజన్-హైడ్రోజన్ బంధాలు బలహీనమైనవేమీ కావు. కార్బన్ డయాక్సైడ్‌లో కార్బన్‌కూ ఆక్సిజన్‌కూ మధ్య ఉన్న ద్విబంధం మోల్‌కు 800 కిలోజౌళ్లకు తక్కువ కాదు. అదే ద్విబంధం రెండు ఆక్సిజన్ పరమాణువుల మధ్య ఉన్నప్పుడు 498 కిలోజౌళ్లు మాత్రమే. మొత్తం పద్దులో చెప్పుకోదగ్గ బలహీనత ఉన్నది ఆక్సిజన్ అణువులోనే. బంధాలలో శక్తి దాగి ఉంటుందన్న వాక్యాన్ని అక్షరాలా తీసుకుంటే, గట్టి బంధాలున్న కార్బన్ డయాక్సైడే అన్నిటికంటే మంచి ఇంధనం కావాలి.

ఇక్కడ ఇంకో కొసకు వెళ్లేవారు కూడా ఉన్నారు. శక్తి చక్కెరలో లేదు, పూర్తిగా ఆక్సిజన్‌లోనే ఉందని వాదిస్తారు. నాకది కూడా సమ్మతం కాదు. ఎత్తున పెట్టిన రాయిలో ఉన్న స్థితిజ శక్తి రాయిదా, భూమిదా అని అడిగితే రెండింటి మధ్య ఉన్న దూరానిదని చెప్పాలి. రాయి ఒక్కటే విశ్వంలో ఉంటే ఎత్తు అన్న మాటకే అర్థం లేదు. చక్కెరకూ ఆక్సిజన్‌కూ ఉన్న సంబంధం అలాంటిదే. కిరణజన్య సంయోగక్రియను శక్తి పరిరక్షణ నియమంతో మొదట ముడిపెట్టిన జర్మన్ వైద్యుడు యూలియస్ రాబర్ట్ మేయర్ 1845లోనే, మొక్క కాంతిని గ్రహించి రసాయన భేదాన్ని పుట్టిస్తుందని రాశాడు. గ్లూకోజ్‌ను పుట్టిస్తుందని రాయలేదు. ఎలక్ట్రాన్‌ను ఇంకా ఎవరూ కనుగొనని రోజుల్లో రాసిన ఆ వాక్యం ఇప్పటి పాఠ్యపుస్తకాల వాక్యం కంటే సరిగ్గా ఉండటం నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

కాంతి పని ఎక్కడ ముగుస్తుంది?

నా వాదనకు అసలు బలం హరితరేణువు లోపల జరిగే పనిలో ఉంది. థైలకాయిడ్ పొరలో ఉన్న పత్రహరితం ఎరుపు కాంతి ఫోటాన్‌ను గ్రహించినప్పుడు ఒక ఎలక్ట్రాన్ పై స్థాయికి లేచి, కొన్ని పికోసెకన్లలో పక్క అణువుకు చేరుతుంది. ఎలక్ట్రాన్‌ను పోగొట్టుకున్న ఆ పత్రహరిత కేంద్రానికి పీ680 అని పేరు. ఆ స్థితిలో దాని ఆక్సీకరణ శక్తి, అంటే ఎలక్ట్రాన్‌ను లాక్కునే బలం, 1.2 వోల్టులకు పైనే ఉంటుంది. జీవుల్లో మనకు తెలిసిన అత్యంత శక్తిమంతమైన ఆక్సీకారిణి అదే. తనకు కావలసిన ఎలక్ట్రాన్‌ను అది చివరికి నీటి నుంచి లాక్కుంటుంది. నాలుగు మాంగనీస్ పరమాణువులు, ఒక కాల్షియం, ఐదు ఆక్సిజన్లు ఉన్న చిన్న గుత్తి ఆ పనికి మధ్యవర్తిగా ఉంటుంది. ఆ గుత్తి ఆకారాన్ని 1.9 ఆంగ్‌స్ట్రాముల స్పష్టతతో జపాన్ శాస్త్రవేత్తలు 2011లో చూపించారు. నాలుగు ఎలక్ట్రాన్లు ఒకటొకటిగా పోయాక రెండు నీటి అణువుల నుంచి ఒక ఆక్సిజన్ అణువు బయటపడుతుంది.

నీటి నుంచి బయలుదేరిన ఎలక్ట్రాన్ మరో కాంతి వ్యవస్థలో (ఫోటోసిస్టమ్-I) ఇంకో ఫోటాన్ సాయంతో మరోసారి పైకి లేచి, ఎన్ఏడీపీహెచ్ అనే వాహక అణువులో స్థిరపడుతుంది. అదే వోల్టుల కొలమానంలో నీరు-ఆక్సిజన్ జంట ఉన్నది 0.82 దగ్గర. ఎన్ఏడీపీహెచ్ ఉన్నది మైనస్ 0.32 దగ్గర. రెండింటి మధ్య ఎడం 1.14 వోల్టులు. ఆ ఎడమే నిల్వ చేసిన శక్తి. ఎలక్ట్రాన్ ప్రయాణంలో పొరకు అటూ ఇటూ ఏర్పడిన ప్రోటాన్ల తేడాతో తయారయ్యే ఏటీపీ, అంటే కణంలో పనులకు శక్తిని అందించే అణువు, కొంత దానికి తోడవుతుంది. ఇంతవరకు జరిగిన కథలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కడా రాలేదు, చక్కెర మాట అసలే లేదు. అయినా కాంతి చేయవలసిన పని మొత్తం పూర్తయిపోయింది.

ఇది నా ఊహ కాదని చూపించడానికి రాబిన్ హిల్ 1930ల చివర చేసిన ప్రయోగం చాలు. ఆకుల నుంచి వేరుచేసిన హరితరేణువులకు కార్బన్ డయాక్సైడ్‌కు బదులుగా ఎలక్ట్రాన్లను స్వీకరించగల ఇనుప లవణాన్ని ఇచ్చి వెలుతురులో పెడితే అవి ఆక్సిజన్‌ను వదిలాయి. చక్కెర తయారు కాలేదు. 1941లో శామ్యూల్ రూబెన్, మార్టిన్ కామెన్ తమ సహచరులతో కలిసి బరువైన ఆక్సిజన్-18 ఉన్న నీటిని శైవలాలకు ఇచ్చి, వెలువడే ఆక్సిజన్ నీటిదేనని నిర్ధారించారు. ఆరు కార్బన్ డయాక్సైడ్‌లు, ఆరు నీళ్లు అని మనం బట్టీ పట్టిన సమీకరణంలో ఈ సంగతి కనిపించదు. ఆరు ఆక్సిజన్ అణువులు రావాలంటే పన్నెండు పరమాణువులు కావాలి, ఆరు నీటి అణువుల్లో ఉన్నవి ఆరే. సమీకరణానికి ఒక వైపు పన్నెండు నీటి అణువులు, మరో వైపు ఆరు రాస్తే గానీ జరిగినదేమిటో బయటపడదు. కొన్ని పుస్తకాలు అలా రాస్తాయి కూడా. ఎందుకలా రాశారో మాత్రం చాలా చోట్ల చెప్పరు.

మరి ఆ తర్వాత వచ్చే, కార్బన్ డయాక్సైడ్‌ను చక్కెరగా మార్చే కాల్విన్ చక్రం చేసేదేమిటి? ఒక్కో కార్బన్ డయాక్సైడ్ అణువుకు రెండు ఎన్ఏడీపీహెచ్‌లు, మూడు ఏటీపీలు ఖర్చవుతాయి. మోళ్లలో చూస్తే ఎన్ఏడీపీహెచ్‌ల వంతు 440 కిలోజౌళ్లు, ప్రామాణిక విలువ ప్రకారం ఏటీపీల వంతు సుమారు 90. మొత్తం 530. చక్కెరలోకి చేరిన కార్బన్‌కు, దాని జత ఆక్సిజన్‌కు మధ్య చివరికి మిగిలేది 480. అంటే ఈ దశలో నిల్వ పెరగడం లేదు, కొంత తరుగుతోంది. ఎన్ఏడీపీహెచ్, ఏటీపీలు కణంలో ఎక్కువసేపు కూడబెట్టడానికి వీలుకాని సరుకు. వాటిని నిలకడగా ఉండే, నీటిలో కరిగి వేరు దాకా ప్రయాణించగల రూపానికి మార్చుకోవడానికి మొక్క చెల్లించే మారకపు రుసుము ఆ 50 కిలోజౌళ్లు. చక్కెర ఘనతను నేను తక్కువ చేయడం లేదు. కాంతి శక్తి రసాయన శక్తిగా మారే ఘట్టం మాత్రం దాని తయారీకి ముందే ముగిసిపోయిందని అంటున్నాను.

గాలిలో ఎలాగూ ఉంది కదా!

దీనికి ఎదురుగా చెప్పదగ్గ మాట ఒకటుంది, అది తేలికగా కొట్టిపారేయదగ్గది కాదు. వాతావరణంలో దాదాపు 21 శాతం ఆక్సిజన్ ఉంది. ఈ రోజు ఒక ఆకు వదిలిన ఆక్సిజన్‌కూ, ఆ ఆకులో తయారైన చక్కెర రేపు వాడుకునే ఆక్సిజన్‌కూ ఏ సంబంధమూ ఉండనక్కర్లేదు. ఎక్కడపడితే అక్కడ దొరికేదాన్ని లెక్కలో చూపకుండా, దొరకనిదాన్ని మాత్రమే ఇంధనమని పిలవడం వ్యవహారానికి సులువు. కట్టెల బరువు తూచేవాడు గాలిని తూచడు.

వ్యవహారానికి సరే. కానీ గాలి అందని చోట ఈ సులువు ఎంతసేపు నిలుస్తుందో చూడండి. రాకెట్ తన ఇంధనంతో పాటు ఆక్సిజన్‌ను కూడా మోసుకుపోవాలి, పైగా ఇంధనం కంటే ఆక్సిజన్ బరువే ఎక్కువ. కుండీలో నీరు నిలిచిపోయి మొక్క చచ్చిపోవడం మనలో చాలామంది చూసిందే. వేర్లకు పైనుంచి చక్కెర అందుతూనే ఉంటుంది. నీటిలో ఆక్సిజన్ వ్యాపనం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మది కాబట్టి, అందనిది ఆక్సిజన్. అప్పుడు వేరు కణాలు ఆక్సిజన్ లేకుండానే చక్కెరను విడగొట్టే కిణ్వనానికి దిగుతాయి. ఆక్సిజన్ ఉన్నప్పుడు ఒక గ్లూకోజ్ అణువు నుంచి ముప్పై దాకా ఏటీపీలు రావలసి ఉండగా, కిణ్వనంలో వచ్చేవి రెండే. శక్తి నిజంగా గ్లూకోజ్ బంధాల్లోనే ఉండి ఉంటే, అదే గ్లూకోజ్‌ను చేతిలో పెట్టుకుని ఆ వేరు అంత పేదదైపోవలసిన అవసరం లేదు.

1882లో థియోడోర్ ఎంగెల్మాన్ చేసిన ప్రయోగాన్ని కూడా ఈ కోణంలో చూడవచ్చు. దారపు పోగులాంటి ఒక శైవలం మీద పట్టకంతో విడదీసిన రంగులు పడేలా చేసి, చుట్టూ ఆక్సిజన్‌ను వెతుక్కునే బ్యాక్టీరియాను వదిలితే, అవి ఎరుపు, నీలం కాంతులు పడ్డ చోట్ల గుంపులు కట్టాయి. ఏ రంగు కాంతి కిరణజన్య సంయోగక్రియకు ఎక్కువ పనికొస్తుందో చూపించిన ప్రయోగంగా దీన్ని చదువుకుంటాం. ఆ బ్యాక్టీరియా దృష్టిలో మాత్రం అక్కడ విలువైన సరుకు శైవలం లోపలి చక్కెర కాదు, బయటికి వస్తున్న ఆ వాయువే.

ఇంకో అభ్యంతరం నాకు నేనే వేసుకున్నది. ఆక్సిజన్‌ను అసలే వదలకుండా కిరణజన్య సంయోగక్రియ జరిపే ఊదా గంధక బ్యాక్టీరియా ఉన్నాయి కదా, అవి శక్తిని ఎక్కడ దాస్తున్నట్టు? అవి నీటికి బదులు హైడ్రోజన్ సల్ఫైడ్ నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని, ఆక్సిజన్‌కు బదులు గంధకాన్ని మిగులుస్తాయి. 1930 దశకం మొదట్లో వాన్ నీల్ ఈ పోలిక పట్టుకునే, మొక్కల్లో ఆక్సిజన్ నీటి నుంచి వస్తుండాలని ఊహించాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ తన ఎలక్ట్రాన్లను నీటికంటే ఎంతో సులువుగా వదులుకుంటుంది కాబట్టి, ఎలక్ట్రాన్ ఎక్కవలసిన మెట్లు తక్కువ, ఆ జంట మధ్య ఏర్పడే ఎడమూ చిన్నదే. తయారైన చక్కెర మాత్రం మొక్క చేసే చక్కెరలాంటిదే! రెండు చోట్లా చక్కెర ఒకటే అయినప్పుడు, నిల్వలో తేడా రెండో పదార్థాన్ని బట్టి వచ్చినట్టే కదా. అభ్యంతరమని మొదలుపెట్టింది చివరికి నా వాదనకే సాక్ష్యమైంది.

కలవకుండా ఆపడం

ఇలా చూడటం మొదలుపెట్టాక, నిల్వ చేయడమంటే విడదీసిన రెండింటినీ మళ్లీ కలవకుండా ఆపడమేనని తోస్తుంది. మొక్క యంత్రాంగంలో చాలా భాగం ఆ పని మీదే ఉంది. కేంద్రం నుంచి లేచిన ఎలక్ట్రాన్‌కు అన్నిటికంటే సులువైన దారి వెంటనే వెనక్కి పడిపోవడం. అలా జరిగితే కాంతి వేడిగా మారి పోతుంది. అందుకే ఒక అణువు నుంచి మరో అణువుకు, పొరకు ఈ వైపు నుంచి ఆ వైపుకు, వెనక్కి తిరిగే వేగం కంటే ముందుకు సాగే వేగం ఎక్కువ ఉండేలా ఆ దారి అమరి ఉంటుంది. ఆ అమరికకు ఖర్చు ఉంది. ఒక ఆక్సిజన్ అణువుకు కనీసం ఎనిమిది ఫోటాన్లు కావాలి. 680 నానోమీటర్ల ఎరుపు కాంతిలో ఎనిమిది మోళ్ల ఫోటాన్ల శక్తి 1,400 కిలోజౌళ్లు. మిగిలేది 480, అంటే మూడో వంతు. తక్కినదంతా ఎలక్ట్రాన్ వెనక్కి రాకుండా ఉండటానికీ, పనులు తగినంత వేగంగా సాగడానికీ చెల్లించినదని నేను అర్థం చేసుకుంటాను.

పొలంలో పంటకు మొత్తం సూర్యకాంతి లెక్కన దక్కేది ఇంకా చాలా తక్కువ. సూర్యుడి శక్తిలో దాదాపు సగం పత్రహరితం వాడుకోగల తరంగదైర్ఘ్యాలకు బయట ఉంటుంది. మండే ఎండలో వచ్చిన కాంతిలో చాలా భాగాన్ని ఆకు కావాలనే వేడిగా వదిలేస్తుంది. రుబిస్కో అనే ఎంజైమ్ కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోబోయి అప్పుడప్పుడు ఆక్సిజన్‌నే పట్టుకుంటుంది. వరి, గోధుమల వంటి మొక్కలకు సిద్ధాంతపరంగా గరిష్ఠ పరిమితి 4.6 శాతమనీ, మొక్కజొన్న, చెరకు వంటి వాటికి 6 శాతమనీ ఒక పేరున్న అంచనా ఉంది. పొలంలో ఒకటి రెండు శాతం దక్కితే గొప్ప. సౌరఫలకం 20 శాతం ఇస్తుంటే మొక్క ఇంతేనా అని వెక్కిరించేవారు, ఫలకం నుంచి వచ్చిన విద్యుత్తును రాత్రికి దాచడానికి వేరే పరికరం కావాలన్న సంగతి మరచిపోతారు. ఈ పోలిక మీద ఇంతకంటే కాలం వెచ్చించడం నాకు దండగనిపిస్తుంది.

రాత్రి సంగతి మాత్రం వివరంగా చెప్పుకోదగ్గది. ఆకు పగలు చేసిన చక్కెరలో కొంత భాగాన్ని హరితరేణువులోనే పిండిపదార్థంగా దాచి, రాత్రి కరిగించి వాడుకుంటుంది. ప్రయోగశాలల్లో ఎక్కువగా పెంచే అరాబిడాప్సిస్ అనే చిన్న మొక్కలో ఈ కరిగే వేగం రాత్రి పొడవునా దాదాపు ఒకే తీరుగా ఉండి, తెల్లవారేసరికి నిల్వలో 95 శాతం దాకా ఖర్చవుతుంది. ఒక రోజు పరిశోధకులు మామూలుకంటే కొన్ని గంటల ముందే చీకటి చేశారు. నిల్వ తక్కువ, రాత్రి ఎక్కువ అన్నమాట. మొక్క ఆ రాత్రే కరిగించే వేగాన్ని తగ్గించుకుని, మళ్లీ సరిగ్గా తెల్లవారేదాకా సరిపెట్టుకుంది. దానిలోని అంతర గడియారం పొద్దు పొడుపుకు ఇంకెంతసేపుందో చెబుతుంటే, ఉన్న నిల్వను ఆ వ్యవధికి పంచుకుంటున్నట్టు లెక్క. రేపటికి మిగిల్చుకోవడం కంటే, ఉన్నదంతా పెరుగుదలకు పెట్టి పొద్దునకు ఖాళీ చేయడమే దానికి లాభం.

ఇంత జాగ్రత్త అక్కర్లేకుండా చక్కెర దానంతటదే గాలిలో ఎందుకు మండిపోదన్నది ఇంకో ప్రశ్న. ఆక్సిజన్ అణువులో ఒకే దిశ స్పిన్ ఉన్న రెండు ఒంటరి ఎలక్ట్రాన్లుంటాయి. జతకూడిన ఎలక్ట్రాన్లే ఉన్న చక్కెర వంటి పదార్థాలతో అది నేరుగా చర్య జరపడానికి ఆ అమరిక అడ్డు. నిప్పు రవ్వో, ఎంజైమో వచ్చి దారి చేయాలి. ఈ చిన్న అడ్డు లేకపోతే దుంపలో పిండి, కాండంలో కలప ఒక్క పూట కూడా నిలిచేవి కావు. పికోసెకన్లలో మొదలైన ఎడబాటు ఆకులో ఒక రాత్రి, విత్తనంలో ఏళ్లు, బొగ్గు గనిలో ముప్పై కోట్ల సంవత్సరాలు సాగగలగడానికి ఇది ఒక కారణం.

భూమి ఊపిరితిత్తులు

బొగ్గు దాకా వచ్చాం కాబట్టి ఆక్సిజన్‌ను మొక్కలు మనకిస్తున్న కానుకగా చెప్పే రెండో అలవాటు గురించి కూడా మాట్లాడాలి. ఉప ఉత్పత్తి అనడం ఒక పొరపాటైతే కానుక అనడం దానికి పైమెట్టు. పెరిగి స్థిరపడిన అడవి ఒక ఏడాదిలో వదిలే ఆక్సిజన్‌ను చెట్ల శ్వాసక్రియ, రాలిన ఆకులను కుళ్లబెట్టే శిలీంధ్రాలు, బ్యాక్టీరియా, జంతువులు దాదాపు పూర్తిగా వాడేస్తాయి. నికరంగా మిగిలేది సున్నాకు దగ్గర. చక్కెర, ఆక్సిజన్ ఒకే నిల్వకు రెండు భాగాలని గుర్తుంటే ఇందులో వింతేమీ లేదు. తయారైన చక్కెర అంతా ఖర్చయినప్పుడు దాని జత మాత్రం ఎలా మిగులుతుంది?

మిగలాలంటే చక్కెర నుంచి వచ్చిన కార్బన్ ఎక్కడో ఖర్చుకాకుండా పూడిపోవాలి. మనం పీల్చే గాలిలోని ఆక్సిజన్ ప్రధానంగా అలా పోగుపడినదే. సముద్రపు అడుగు మట్టిలో, అవక్షేప శిలల్లో చెదిరి ఉన్న సేంద్రియ కార్బన్‌కు, కొంతమేర ఇనుము-గంధక ఖనిజాలకు, గాలిలో ఉన్న ఈ 21 శాతం జత. సుమారు 240 కోట్ల ఏళ్ల కిందట వాతావరణంలో ఆక్సిజన్ మొదటిసారి చెప్పుకోదగ్గంతగా చేరింది. అంతకు ముందు ఎంత చక్కెర తయారైనా, అది కలవడానికి గాలిలో ఆక్సిజన్ లేని ప్రపంచంలో దాని నుంచి రాబట్టగలిగే శక్తి అంతంతమాత్రమే.

అడవి తగలబడితే ఊపిరాడక చస్తామన్న భయం ఈ లెక్కలో నిలబడదు. అంతమాత్రాన అడవి తగలబడటం చిన్న సంగతని కాదు. మండినప్పుడు దాదాపు ఎన్ని ఆక్సిజన్ అణువులు ఖర్చయితే అన్ని కార్బన్ డయాక్సైడ్ అణువులు పుడతాయి. గాలిలో ప్రతి పది లక్షల అణువుల్లో ఆక్సిజన్‌వి రెండు లక్షల తొమ్మిది వేలకు పైన, కార్బన్ డయాక్సైడ్‌వి సుమారు 420. ఒకే మార్పు ఒక పద్దులో కనిపించనే కనిపించదు, ఇంకో పద్దును తలకిందులు చేస్తుంది. పారిశ్రామిక యుగానికి ముందు ఆ రెండో పద్దులో ఉన్నది 280 మాత్రమే.

మొదటి పద్దులో కనిపించదన్నది మామూలు పరికరాల సంగతి. రాల్ఫ్ కీలింగ్ 1980ల చివరి నుంచి వాతావరణంలో ఆక్సిజన్‌ను పది లక్షల్లో ఒకటి స్థాయి తేడా తెలిసేంత సూక్ష్మంగా కొలుస్తూ వచ్చారు. ఆయన తండ్రి చార్లెస్ కీలింగ్ 1958లో హవాయిలోని మౌనా లోవా మీద కార్బన్ డయాక్సైడ్ కొలతలు మొదలుపెట్టినవారు. తండ్రి గీసిన గీత ఉత్తరార్ధగోళపు వేసవిలో దిగి, చలికాలంలో లేస్తూ, ఏటికేడు పైకి పోతోంది. కొడుకు గీసిన గీత అదే వేసవిలో లేచి, అదే చలికాలంలో దిగుతూ, ఏటికేడు కిందికి జారుతోంది. కిరణజన్య సంయోగక్రియ పాఠంలో ఆకు అడ్డుకోత బొమ్మకు ఒక పేజీ ఇస్తున్నారు. ఈ రెండు గీతలనూ ఒకదాని కింద ఒకటి అచ్చువేయడానికి ఇంకో అర పేజీ ఇస్తే, బంధాల్లో శక్తి అన్న వాక్యాన్ని ఆ పాఠం నుంచి తీసేయవచ్చు.